ఇండ్లను పోల్చు విధానము

గృహస్థుడు తన జీవితమున చేయు కొనుగోళ్లలో ఇల్లే పెద్దది. దశాబ్దముల పొదుపు దానిలో పోయును. రాబోవు సంవత్సరముల రుణభారము దానితో వచ్చును. కొనుటకు ముందు నాలుగైదు ఇండ్లు చూచువారు చాలమంది గలరు. చూచినవానిని సరిగా పోల్చువారు కొందరే. బయానా ఇచ్చిన పిదప వాస్తు ఎట్లున్నదని అడుగవచ్చువారును అనేకులు. పరీక్ష ముందు, ధనము తరువాత అనుటయే ఉచితమైన క్రమము.

క్రీస్తుశకము 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తుప్రకరణమున భూపరీక్ష నొకదానిని చెప్పెను. స్థలము నడుమ మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మట్టితోనే దానిని తిరిగి పూడ్చవలెను. మట్టి మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకున్నచో అధమము. ఇందు గమనింపదగినది గొయ్యి కొలత. ఏ స్థలమునకైనను అది మూరెడే. ఒకచోట మూరెడు, వేరొకచోట జానెడు త్రవ్వి పోల్చినచో ఆ పోలికకు అర్థము లేదు.

నేటి ఇండ్ల బేరములలో ఈ ప్రమాణభేదమే తరచుగా మోసపుచ్చుచున్నది. రెండు ఫ్లాట్లు గలవనుకొందము. మొదటిది 1,200 చదరపు అడుగులు, వెల 60 లక్షలు. రెండవది 1,000 చదరపు అడుగులు, వెల 54 లక్షలు. అడుగునకు 5,000 రూపాయలు పడుచున్న మొదటిది, 5,400 పడుచున్న రెండవదానికంటె చవుక యని తోచును. కాని ఆ వైశాల్యములో మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి భాగములు కలిసియున్నవి. లోపలి కార్పెట్ ఏరియా మొదటిదానికి 800, రెండవదానికి 750 అడుగులైనచో ధరలు వరుసగా 7,500, 7,200 రూపాయలగును. లెక్క తలక్రిందులైనది. 2016 నాటి రెరా చట్టము ప్రకారము కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, బాల్కనీ, టెర్రసు చేరవు. లోపలి అడ్డుగోడలు చేరును. ప్రతి ఇంటికిని ఈ అంకెనే అడిగి వ్రాసికొనవలెను. పార్కింగు, రిజిస్ట్రేషను, నెలవారీ నిర్వహణ ఖర్చులను గూడ అన్నిటికిని ఒకే రీతిగా లెక్కింపవలెను.

పోలికకు ముందు హక్కును చూడవలెను. ఈసీ, లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను సరిగా లేని ఇంటిని జాబితాలోనికే తీసికొనరాదు. ఎంత తక్కువ ధరయైనను ఆ లోపమును పూడ్చజాలదు. తరువాత నీరు. వానకాలమున నిండుగా పోయు బోరు వైశాఖమున ఎట్లుండునో ఇరుగుపొరుగు వారిని అడుగవలెను. వెలుతురు, గాలి తెలియుటకు అన్ని ఇండ్లను ఒకే వేళ చూడవలెను.

మధ్యవర్తి నాసియిల్లు ముందు చూపినచో, ఆ తరువాత చూచిన సామాన్యమైన ఇల్లును మేడవలె కనబడును. కావున కుటుంబ అవసరములను ముందే కాగితముపై వ్రాసికొని, ప్రతి ఇంటిని ఆ కాగితముతో సరిచూడుడు. మోకాళ్ల నొప్పులుగల తల్లిదండ్రులున్నచో మెట్లసంఖ్యయు అందుండవలెను.

మనస్సు రమించు స్థలము శుభప్రదమని వరాహమిహిరుడు చెప్పకపోలేదు. పరీక్షలను చెప్పిన పిమ్మటనే ఆ మాట చెప్పెను. పరీక్షలకు నిలిచిన రెండు మూడు ఇండ్లకు ఇల్లాలిని, పెద్దలను తీసికొనిపొండు. వారి మనస్సు కుదిరిన ఇంటికే బయానా ఇండు. రెరా పరిధిలోని నిర్మాణమైనచో, ఒప్పందము రిజిస్టరు కాకుండ వెలలో 10 శాతమునకు మించి పుచ్చుకొనుటకు అమ్మువారికి అధికారము లేదని మరువకుడు.