మోటారు ఇంజను బేరింగులు – సరియైన కొలత నెంచుకొనుట

ఎడ్లబండి ఇరుసునకు కందెన వేయనిచో చక్రము కీచుమనునని మన పల్లెలలో బాలురు సైతము నెరుగుదురు. ఏలూరునుండి ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెమునకు పోవు రహదారిపై పరుగెత్తు కారునందును ఆ సంగతియే కలదు. భేద మేమనగా, బండిలో ఇరుసు నిలిచియుండి చక్రము తిరుగును. ఇంజనులో క్రాంకుషాఫ్టను ఇరుసే తిరుగును. దానిని రెండు ప్రక్కలనుండి చుట్టి పట్టుకొను పలుచని అర్ధవలయపు రేకులకు బేరింగులని పేరు. షాఫ్టును ఇంజను దిమ్మెలో నిలుపునవి మెయిన్ బేరింగులు; పిస్టనునుండి వచ్చు కనెక్టింగు రాడ్డును షాఫ్టునకు కలుపు చోట నుండునవి బిగ్ ఎండు బేరింగులు.

ఈ రేకుల వెలుపలి ప్రక్క ఉక్కు, లోపలి ప్రక్క మెత్తని లోహము. అట్టి మెత్తని మిశ్రలోహమునకు 1839లో అమెరికాలో ఐజక్ బాబిట్టు అనువాడు పేటెంటు పొందెను. తగరము, ఆంటిమొని, రాగి అందలి ముఖ్య ద్రవ్యములు. మెత్తదనమున కొక ప్రయోజనము కలదు. నూనెతో వచ్చిన సన్నని ఇసుక రేణువు ఆ లోహములో దిగబడిపోవును. వెలగల షాఫ్టు గీరుకొనకుండును.

షాఫ్టు ఈ లోహమునకు రాచుకొనుచు తిరుగునని తలంచుట పొరపాటు. 1883లో బోషాం టవరు అను ఆంగ్లేయుడు రైలుబండి బేరింగులను పరీక్షించుచు, నూనె పోయుటకై పైభాగమున నొక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగగనే నూనె లోనికి పోవుటకు మారుగా పైకి పొంగినది. బెండు బిరడా బిగించెను; అది ఎగిరిపోయెను. కొయ్య బిరడా కొట్టెను. అదియు మెల్లగా వెలికి వచ్చెను! తిరుగు ఇరుసు నూనెను తనక్రిందికి ఈడ్చుకొని, ఆ నూనె పొరయొక్క ఒత్తిడిపై తేలుచున్నదని అప్పుడు తేలినది. 1886లో ఆస్బర్ను రేనాల్డ్సు దీనికి గణిత సూత్రమును చెప్పెను.

కావున షాఫ్టునకును బేరింగునకును నడుమ నూనె పొరకు చోటుండవలెను. ఆ సందు షాఫ్టు వ్యాసము అంగుళమునకు సుమారు అంగుళములో వేయవ వంతు చొప్పున నుండుట వాడుక. ఖచ్చితమైన కొలతను ఆ ఇంజను పుస్తకములోనే చూడవలెను. పని చేయువారు ఈ వేయవ వంతును 'థౌ' అందురు. సందు తక్కువైనచో పొర యేర్పడక, వేడెక్కి, లోహము కరగి షాఫ్టు పట్టివేయును. ఎక్కువైనచో నూనె ప్రక్కలకు కారి, ఒత్తిడి పడిపోయి, ఇంజను టకటక కొట్టును. కొల్లేటి చెరువులకు నీరు తోడు డీజిలు ఇంజనులకును ఇదియే న్యాయము.

ఇక కొలత. అరిగిన షాఫ్టును గ్రైండింగు యంత్రముపై సాన పట్టి గుండ్రముగా చేయుదురు. అప్పుడది సన్నబడును గనుక, ఆ మేరకు దళసరి బేరింగు కావలెను. వాడుకలోనున్న మెట్లు 10, 20, 30, 40 థౌలు. మెట్రిక్ కొలతలో సుమారు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు. వీనిని 'అండరు సైజు' అందురు. ఈ పేరే క్రొత్తవారిని మోసపుచ్చును. తగ్గినది షాఫ్టు, బేరింగు పెరిగినది. 20 అండరు సైజు బేరింగు స్టాండర్డు దానికంటె పలుచన గాదు, దళసరి. అదియు ఒక్కొక్క రేకు 20 గాదు, 10 థౌలే. రెండు ప్రక్కల రెండు రేకులున్నవి గదా.

మేమును ఒకసారి తప్పితిమి. మాదొక పాత అంబాసిడరు కారు, 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. టకటక శబ్దము రాగా విప్పి చూచితిమి. పాత రేకుల వీపున 20 అని యుండెను. అదియే చాలునని, షాఫ్టును కొలువకయే 20 కొలత క్రొత్త బేరింగులు కొని బిగించితిమి. రెండు వారములు గడువక మునుపే, భీమడోలు దాటుచుండగా, ఆ శబ్దమే మరల వచ్చెను.

అప్పుడు మైక్రోమీటరు పట్టితిమి. ఈ ఇంజనులో బిగ్ ఎండు పట్టుచోటు స్టాండర్డు వ్యాసము 1.8759 మొదలు 1.8764 అంగుళముల వరకు. ఇరవై తగ్గించినచో 1.8559 మొదలు 1.8564 వరకు నుండవలెను. ఒక దిక్కున కొలువగా 1.8560, బాగుగనే యున్నది. షాఫ్టును పావు చుట్టు త్రిప్పి కొలువగా 1.8525! మూడున్నర థౌలు కోలగా అరిగినది. రేకు వీపునగల అంకె, ఒకప్పుడు షాఫ్టు ఎట్లుండెనో చెప్పినదేగాని, ఇప్పుడెట్లున్నదో చెప్పలేదు.

కావున మొదట షాఫ్టును తుడిచి, చల్లబడిన తరువాతనే కొలువుడు. ప్రతి పట్టుచోటను ఈ కొననొకసారి, ఆ కొననొకసారి, అడ్డముగను నిలువుగను, నాలుగు కొలతలు తీసికొని కాగితముపై వ్రాయుడు. నిలువు, అడ్డములకు భేదమున్నచో కోలదనము; కొనలకు భేదమున్నచో వాలు. అన్నిటిలో చిన్న కొలతను బట్టియే తరువాతి మెట్టు నిర్ణయింపవలెను. మా షాఫ్టున చిన్నది 1.8525, ముప్పది మెట్టునకు 1.8464 కావలెను, లోహము చాలును. ఒక్క పట్టుచోటు చెడినను బిగ్ ఎండులు నాలుగింటిని ఒకే మెట్టునకు దించుట మంచిది. సాన పట్టిన పిమ్మట మరల కొలిచి, అటుపిమ్మటనే బేరింగులు కొనవలెను. మెయిన్ బేరింగుల లెక్క వేరు. అవి 10, ఇవి 30 కావచ్చును.

బిగువు చాలలేదని రేకు వెనుక కాగితము పెట్టువారును, మూతను ఆకురాయితో రాచువారును కలరు. రెండును చెడ్డ పనులే. కాగితము వేడిని బయటికి పోనీయదు. రాచిన మూత మరల గుండ్రము కాదు. సందు సరిచూచుటకు ప్లాస్టిగేజి అను మైనపు దారము దొరకును. దానిని షాఫ్టుపై నుంచి, మూతను చెప్పిన బిగువునకు బిగించి, షాఫ్టును త్రిప్పక విప్పినచో, అణగిన వెడల్పే సందు నెరిగించును. నూనె రంధ్రములను కడిగి, రేకులకు నూనె రాచి, చేతితో త్రిప్పి చూచిన తరువాతనే ఇంజనును నడుపవలెను.

మా షాఫ్టు ఇప్పుడు ముప్పది మెట్టున నున్నది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. ఈ షాఫ్టునకు ఇక మిగిలినది ఒక్క మెట్టు.