పుస్తకానికొక శాశ్వత చిరునామా

మన శంషాబాద్ విమానాశ్రయాన్ని కొందరు రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయమంటారు. కొందరు ఒట్టి ‘ఎయిర్‌పోర్టు’ అంటారు. ఎవరేమని పిలిచినా, సామాను చీటీపై హెచ్.వై.డి. అని ఉంటే పెట్టె ఇక్కడికే చేరుతుంది. పేర్లెన్నయినా గుర్తు ఒక్కటే. మన గ్రంథాలయాల కేటలాగులకు కావలసినదీ ఇటువంటి గుర్తే.

ఎందుకంటారా? శ్రీశ్రీనే తీసుకుందాం. ఒక కేటలాగులో ‘శ్రీశ్రీ’ అనీ, వేరొకదానిలో ‘శ్రీరంగం శ్రీనివాసరావు’ అనీ ఉండవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి చెప్పనే అక్కరలేదు. పైగా మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు చివర. ఈ తేడా తెలియనివారు ‘రావు’ను ఇంటిపేరనుకొని నమోదు చేస్తే, మహాకవిని రావుల గుంపులో వెతుక్కోవాలి! వీరందరూ ఒక్కరేనని మనకు తెలుసు. కంప్యూటరుకు చెబితేగాని తెలియదు.

అలా చెప్పే పద్ధతినే లింక్డ్ డేటా అంటారు. వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 2006లో దీని సూత్రాలను వివరించాడు. ప్రతి పుస్తకానికీ, రచయితకూ, ఊరికీ వెబ్‌లో ఒక చిరునామా ఇవ్వాలి. తరువాత కార్డులోని సమాచారాన్ని మూడేసి భాగాల చిన్న వాక్యాలుగా విడగొట్టాలి:

మహాప్రస్థానం – రచయిత – శ్రీశ్రీ
శ్రీశ్రీ – జన్మస్థలం – విశాఖపట్నం

మొదటి వాక్యం ఒక గ్రంథాలయానిది, రెండవది మరొకరిది కావచ్చు. రెండూ ఒకే శ్రీశ్రీ చిరునామాను వాడితే చాలు, అతుక్కుంటాయి. అప్పుడు ‘విశాఖలో పుట్టిన కవుల పుస్తకాలేవి?’ అని అడిగితే, విశాఖ ఊసే లేని కార్డు కూడా పలుకుతుంది. ఈ సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతి కూడా ఇస్తే, అది లింక్డ్ ఓపెన్ డేటా అవుతుంది. అనుమతి లేకపోతే తలుపు తీసి గడపలో కాపలా పెట్టినట్టే.

స్వీడన్ దేశపు ఉమ్మడి కేటలాగు లిబ్రిస్ 2008లోనే ఈ దారి పట్టింది. 2011లో బ్రిటిష్ లైబ్రరీ తమ జాతీయ గ్రంథసూచిని ఇలాగే వెలువరించింది. 2012లో మొదలైన వికీడేటాలో ఎవరైనా ఇటువంటి వాక్యాలు చేర్చవచ్చు.

మరి మన సంగతి? హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం వంటివి తెలుగువారి పెన్నిధులు. పాత తెలుగు పుస్తకం ఏ ఊరి బీరువాలో ఉన్నదో తెలియకపోతే, ఉన్నా లేనట్టే గదా! పరిశోధక విద్యార్థి బస్సు చార్జీలూ, నెలల కాలమూ అక్కడే ఖర్చవుతాయి.

ఒక్క హెచ్చరిక. 2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు మొదలయ్యేవరకు హెచ్.వై.డి. అంటే బేగంపేట! విమానాలకు ఆ మార్పు సరిపోయింది, పుస్తకాలకు సరిపోదు. ఒకరికిచ్చిన చిరునామా మరొకరికి ఇస్తే పాత లింకులన్నీ అబద్ధాలాడతాయి.

మిత్రులారా, దీనికి ముందు కావలసినవి పెద్ద యంత్రాలు కావు. ఇంటిపేరు, కలంపేరు, ముద్రణ సంవత్సరం తప్పులేకుండా తెలుగులిపిలో నమోదు చేయడం. ఆ పని ఏ కళాశాల గ్రంథాలయంలోనైనా రేపే మొదలుపెట్టవచ్చు.