మాట ఋణము

శరణుల ధర్మమున వాక్కునకు గల స్థానము విశేషమైనది. బసవేశ్వరుడు బోధించిన సప్తశీలములలో అసత్యము పలుకకుండుట, ఆత్మస్తుతి మానుట, పరనింద విడుచుట అను మూడును నాలుకకు సంబంధించినవే. అయినను సత్యము పలుకువాని నోటి నుండియు ఎదుటివారిని నొప్పించు మాట వెలువడుట కలదు. అట్టి వేళ “ఉన్న మాటే అంటిని, నొచ్చుకొనుట వారి దోషము” అని తప్పుకొనుట లోకరీతి. శరణుల రీతి ఎట్టిదో శూన్యసంపాదనమునందలి రెండు ఘట్టముల వలన తెలియును.

12వ శతాబ్దమునాటి శరణుల సంభాషణలను అల్లమప్రభువు కేంద్రముగా కూర్చిన కన్నడ గ్రంథమిది. 15వ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య దీనిని మొదట సంకలించెను. అందు అల్లమప్రభువు సొన్నలిగెకు, అనగా నేటి షోలాపురమునకు, వచ్చును. అచ్చట సిద్ధరామేశ్వరుడు చెరువు త్రవ్వించుచు, గుడులు కట్టించుచుండెను. ప్రభువు ఆయనను “ఒడ్డరాముడు” అని, మట్టి త్రవ్వువానిగా పేర్కొని పిలిచెను. కాయకమును గౌరవించు మతమున మట్టిపని హీనము కాదు. బాహ్యమైన పుణ్యకార్యములందే నిలిచిపోక అంతరంగమున లింగమును తెలిసికొనుమనుట ప్రభువు భావము. కాని వినినవారికి తోచినది అవమానము మాత్రమే. తమ గురువును కించపరచెనని పనివారు రాళ్లు రువ్విరి. సిద్ధరాముడును ఆగ్రహించెను.

ఇచ్చట గమనింపవలసినది ప్రభువు పలికిన కటువైన పలుకును కాదు, పిదప ఆయన నడచిన తీరును. “వీరు అజ్ఞానులు” అని ఆయన మరలిపోలేదు. అచ్చటనే నిలిచి, సిద్ధరాముని ప్రశ్నలకు ఓర్పుతో బదులు పలికి, సంశయము తీరిన పిమ్మట ఆయనను వెంటబెట్టుకొని కల్యాణమునకు పయనమయ్యెను. కటువుగా పలుకుటలో ప్రభువును అనుకరించువారు అనేకులు. రాళ్ల నడుమ నిలిచి తన మాటకు అర్థము చెప్పుటలో అనుసరించువారు అరుదు.

రెండవ ఘట్టము కల్యాణమున, బసవేశ్వరుని ఇంటి ద్వారమున జరిగినది. ఇరువురును వచ్చి నిలిచినపుడు బసవేశ్వరుడు లింగపూజలో నుండి, తాను లేవక, వారిని పిలువ అప్పణ్ణను పంపెను. ప్రభువు దానిని అనాదరముగా గ్రహించెను. వయసున చిన్నవాడు, మేనల్లుడు అయిన చెన్నబసవణ్ణ హెచ్చరింపగా, బసవేశ్వరుడు స్వయముగా వచ్చి, లోపము తనదే యని ఒప్పుకొని ప్రణమిల్లెను. లింగపూజను మించిన సమాధానము మరి యేమి కలదు? అయినను ఆయన దానిని అడ్డుపెట్టుకొనలేదు. ఉద్దేశము నిర్దోషమే, కాని ద్వారమున నిలిచినవారికి కలిగిన నొప్పి తన వలననే కలిగెను.

ఈ పాఠము గృహములకును మఠములకును నేడును వర్తించును. ఒక సభ్యుడు దాసోహపంక్తిలో “మఠపు లెక్కలు సరిగా లేవు” అనెననుకొందము. లెక్కలు వ్రాయువాడు తనకు దొంగతనము అంటగట్టిరని తలచును. అతని కుటుంబము మఠపు గడప త్రొక్కుట మానును. లెక్క అడుగుట దోషము కాదు. ఆ ప్రశ్నను విరమించుకొన నక్కరలేదు. కాని పదిమందిలో అడిగిన తీరునకును, అపార్థమునకు చోటిచ్చిన పదమునకును అడిగినవాడే బాధ్యుడు.

అట్టివాడు కబురు పంపక తానే వారి ఇంటికి పోవలెను. మొదట వారి బాధను వినవలెను. తన భావమును పిదప వివరింపవలెను. వివరణ ముందు వచ్చినచో అది వాదమగును. “మీరు నొచ్చుకొని యున్నచో” అను షరతు పెట్టక “నా మాట మిమ్ము నొప్పించినది” అని పలుకవలెను. నలుగురిలో జారిన మాటను నలుగురిలోనే సరిదిద్దవలెను. చిన్నవారు తప్పు చూపినను స్వీకరింపవలెను. వినినవారును తొందరపడక అర్థము అడుగుట మంచిది. కాని వారు అడుగుదురని పలికినవాడు వేచియుండరాదు. మాట వలన కలిగిన ఋణమును తీర్చవలసినవాడు పలికినవాడే.

శరణులు ఒకరినొకరు కలిసినపుడు “శరణు శరణార్థి” యందురు. ఎదుటివానియందు శివుని చూచి వంగు పలుకది. నిత్యము శరణనుచున్న నోటికి, నొప్పించిన నాడు “తప్పు నాది” యనుట భారము కారాదు.