ద్రాక్షతోటలు లేకపోతేనేం!

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల నడుమ సైకిల్ యాత్రలు చూసి ముచ్చటేసింది. మా భోగాపురం దగ్గర అలాంటి ప్రశాంతమైన దారి ఉందా? గేర్ల సైకిల్ కొనాలా?

జవాబు: అక్కడ బోర్డో నగరం దగ్గర పాత రైలుమార్గాన్నే సైకిళ్లకు వదిలేశారు. మనకంత భాగ్యం లేదు గానీ, కొబ్బరి, జీడి, సరుగుడు తోటలున్నాయి కదండీ! 16వ నంబరు జాతీయ రహదారి జోలికి పోకండి, లారీల జోరు. ముక్కాం వైపు దిగండి. ఓపికుంటే చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దాకా వెళ్లొచ్చు. విమానాశ్రయం వల్ల కొన్ని పాత దారులు మారాయి, ఊళ్లో అడిగి కదలండి.

నేల చదునే, గేర్లు అక్కర్లేదు. టైరు మాత్రం కాస్త వెడల్పుది వేయించండి, ఇసుకలో జారదు. తెల్లారగట్లే బయల్దేరితే మేలు. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది, తిరుగు ప్రయాణంలో అదే వీపు తడుతుంది. ఉప్పుగాలికి చైను ఇట్టే తుప్పు పడుతుంది. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, మిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేయండి. కొబ్బరినూనె వద్దు.