అప్పగింపబడిన ధాన్యము

చదువవలసిన భాగములు: 2 రాజులు 12:4–15, 2 కొరింథీ 8:16–21



యోవాషు ఏలుబడిలో మందిరము బాగుచేయుటకు ప్రజలిచ్చిన ద్రవ్యము యాజకుల చేతికి వచ్చుచుండెను. ఇరువది మూడవ ఏటికిని గోడల శిథిలములు అట్లే యున్నవి. వారు దొంగిలించిరని వాక్యము చెప్పదు. సొమ్ము వచ్చెను, పని జరుగలేదు, అంతే. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము చేసి మందిరములో ఉంచెను. అది నిండినప్పుడు రాజు పక్షమున లేఖికుడును మందిరము పక్షమున ప్రధాన యాజకుడును కలిసి లెక్కించిరి.

1950, 60 సంవత్సరములలో మిషను ఆవరణములలో అమెరికా పాలపొడి, గోధుమలు పంచుట మన పెద్దలెరుగుదురు. 1954లో అమెరికాలో చేసిన పి.ఎల్. 480 చట్టము క్రింద ఆ ప్రభుత్వము తన మిగులు పంటను సంఘముల సహాయ సంస్థలద్వారా పంపెను. 1951 నాటి ఒప్పందము ప్రకారము అట్టి సహాయ సామగ్రిపై మన ప్రభుత్వము సుంకము వదలుకొనెను. కనుక అది మిషను సొత్తు కాదు. అమ్మరాదు, మార్చుకొనరాదు అని బస్తామీదనే అచ్చువేసి యుండెను. మతభేదము చూడక అక్కరగలవారికి ఉచితముగా ఇయ్యవలెను.

బస్తాను బజారులో అమ్మినవాడు దొంగ అని అందరము ఒప్పుకొందుము. ఆరాధనకు వచ్చినవారికే కొలిచి పోసి, పొరుగు పేటలోని విధవరాలిని వట్టి చేతులతో పంపినవాని సంగతి ఏమి? వానిని మంచి సంఘపెద్ద అందుము! మా మట్టుకు రెండవదే ఎక్కువ హాని. గింజలకొరకు మతములో చేరిరను ఎగతాళికి తావిచ్చునది అట్టి పంపకమే.

ఇది వ్రాయుటకు మాకును సిగ్గే. కొన్ని ఏండ్ల క్రిందట మేము చూచుచున్న పిల్లల హాస్టలుకు ప్రభుత్వము చౌకధరకు ఇచ్చిన బియ్యములో రెండు బస్తాలు సభల భోజనమునకు వండించితిమి. పిల్లలును అదే పంక్తిలో తినిరి గదా అని సర్దుకొంటిమి. వంట చేయు అమ్మ మాత్రము, “అయ్యగారూ, బుధవారం పిల్లలకేం వండమంటారు?” అని అడిగినది. మాయొద్ద జవాబు లేదు.

బియ్యము కొని మరల నింపితిమి. అయితే పుస్తకములో పిల్లలు తినినట్లు అప్పటికే వ్రాసి, సంతకము చేసి యుంటిమి. ఆ పంక్తి కొట్టివేసి, జరిగినది వ్రాసి, అధికారులకు తెలియజేసితిమి.

యెరూషలేము పరిశుద్ధుల కానుకను పౌలు ఒంటరిగా పట్టుకొని పోలేదు. సంఘములు ఏర్పరచినవారిని వెంట నుంచుకొనెను. ఇప్పుడు మా పుస్తకము బియ్యపు గది తలుపునొద్ద వ్రేలాడుచున్నది. సంఘమునుండి ఒకరును, సంఘమునకు చెందని బడి పంతులుగారును నెలకొకమారు తూచి సంతకము చేయుదురు. గత నెల మూడు కిలోలు తక్కువని పంతులుగారు వ్రాసిరి. ఎక్కడ పోయినవో వెదకుచున్నాము.