వెదురు బద్దల చుక్క

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో, కొల్లేటికి ఉత్తరమున గుండుగొలను గ్రామము కలదు. ఆ ప్రాంతమున డిసెంబరు నెల సార్వా కోతల కాలము. కూలిడబ్బు చేతికి వచ్చునదియు, పాత అప్పులవారు గుమ్మమున నిలుచునదియు అప్పుడే. క్రిస్మసు పండుగయు ఆ నెల 25వ తేదీననే వచ్చును. కనుక ఇంటి అలంకారమునకు మిగులు సొమ్ము స్వల్పము.

అయినను పొలమే కొంత సమకూర్చును. పశువుల పాక కట్టుటకు కొత్త వరిగడ్డియు, కొల్లేటి కిక్కిసయు చాలును. బొమ్మలు బంకమట్టితో చేయవచ్చును. చెట్టుగా సరుగుడు కొమ్మ నిలుపుదురు. గుమ్మమునకు బంతిపూల దండ, ముంగిట ముగ్గు.

ఇంటిపై వ్రేలాడు చుక్కను మాత్రము కొనక తప్పదని పలువురి తలంపు. అది సరికాదు. సమానమైన పది వెదురు బద్దలు తీసికొని, ఐదేసి చొప్పున రెండు చుక్కలుగా కట్టవలెను. ప్రతి కొనయందును 36 డిగ్రీల కోణము రావలెను. బద్దలు హెచ్చుతగ్గులైనచో చుక్క వంకర పోవును. రెండు చుక్కలను ఐదు కొనలయొద్ద బిగించి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటు ఐదు చోట్లను రెండింటి నడుమ చిన్న పుల్లలు దూర్చినచో, మధ్యభాగము ఉబ్బి దీపమునకు చోటేర్పడును. పైన పలుచని రంగుకాగితమును మైదాపిండి జిగురుతో అంటించి, వెనుక కొంత భాగమును తెరచుటకు వీలుగా విడువవలెను. జర్మనీ దేశమున 19వ శతాబ్దమున మొరేవియను పాఠశాలలో కాగితపు చుక్కలను విద్యార్థులచే రేఖాగణిత పాఠముగానే చేయించిరి!

పూర్వము చుక్కలో నూనెదీపమో క్రొవ్వొత్తియో ఉంచెడివారు. తాటాకు ఇండ్లకు అది యెంతటి అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇప్పటి చిన్న ఎల్‌ఈడీ బల్బు అంతగా వేడెక్కదు. విద్యుత్తును కొద్దిగానే వాడును. తీగ అతుకులు మాత్రము రాత్రి మంచుకు తడవకుండ చుట్టవలెను. పండుగ పిమ్మట బద్దల చట్రమును అటకపై దాచినచో, మరుసటి యేట కాగితమునకు మాత్రమే వ్యయమగును.