చెయ్యి పడిపోయిందని రాజీనామా రాయకండి

బైక్ మీంచి పడ్డప్పుడు తల ఒక పక్కకి, భుజం ఇంకో పక్కకి విరుచుకుంటే మెడలోంచి చేతికి దిగే నరాలు సాగిపోతాయి, తెగుతాయి, ఒక్కోసారి వెన్నుపాము దగ్గరే ఊడిపోతాయి. ఎముకలన్నీ అతుక్కున్నాక కూడా చెయ్యి మాత్రం అలాగే వేలాడుతుంది. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది కుర్రవాళ్లకే. డెలివరీ కుర్రాళ్లు, ఎలక్ట్రీషియన్లు, షిఫ్టు దిగి ఇంటికి బయల్దేరిన ఫ్యాక్టరీ కార్మికులు. వాళ్లకి చెయ్యే జీతం.

ఇక్కడ అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఎదురుచూడటం. పక్షవాతమనుకుని నెలల తరబడి తైలం రాయించేవాళ్లున్నారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకి వెళ్లే అలవాటున్న ఇళ్లు నరానికీ అదే దారి పడతాయి. తెగిన నరాన్ని ఏ కట్టూ కలపలేదు. నరం పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలకి అంగుళం. నరం నుంచి కబురు రాని కండ 12 నుంచి 18 నెలల్లో శాశ్వతంగా చచ్చుబడుతుంది. మెడ దగ్గర మొదలైన నరం మోచేతిదాకా పాక్కుంటూ వచ్చేసరికి అక్కడ కండ మిగలకపోవచ్చు.

అందుకే నరాల మార్పిడి. పంట కాలువ తెగిపోతే పక్క కాలువ నుంచి బోదె తీసి చేనుకి నీళ్లు మళ్లిస్తాం కదా, ఇదీ అంతే. 1994లో పారిస్ సర్జన్ క్రిస్టోఫ్ ఒబెర్లాన్ ఒక పద్ధతి ప్రచురించారు. చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరంలో చాలా పోగులుంటాయి. వాటిలో ఒక్కదాన్ని తీసి, మోచెయ్యి వంచే దండకండకి వెళ్లే కొమ్మకి కలుపుతారు. కండకి దగ్గర్లోనే కలుపుతారు కాబట్టి నరం పెరగాల్సిన దూరం తగ్గుతుంది. పిడికిలి బలం చెప్పుకోదగ్గంత తగ్గదు. భుజం ఎత్తడానికి మెడలోని మరో నరాన్ని వాడతారు. మెడలోంచి చేతికి దిగే 5 నరాల మూలాలూ ఊడిపోతే మాత్రం అల్నార్ నరమే పనిచెయ్యదు. అప్పుడు పక్కటెముకల మధ్య నరాలు తెస్తారు. మోచెయ్యి వంగుతుందేమో గానీ, వేళ్ల పనితనం పూర్తిగా తిరిగిరావడం అరుదు. ఈ మాట సర్జన్‌తో ముందే చెప్పించుకోండి.

దెబ్బ తగిలిన 3, 4 వారాలకి, కండకి నరం నుంచి కబురు అందుతోందో లేదో చూసే ఈఎంజీ పరీక్ష చేయించండి. కొన్ని నరాలు వాటంతట అవే కోలుకుంటాయి కాబట్టి 3 నెలలు చూడటం సబబే. అప్పటికీ కదలిక రాకపోతే 6 నెలల లోపు ఆపరేషన్ అయిపోవాలి. దీనికి చేతి నరాల పని తెలిసిన సర్జన్ కావాలి. కోయంబత్తూరు గంగా ఆసుపత్రి ఈ పనికి పేరున్న చోటు. ఈలోగా కీళ్లు బిగుసుకుపోకుండా రెండో చేత్తో రోజూ వేళ్లు, మోచెయ్యి, భుజం కదిలించాలి. స్పర్శ లేని చేతికి టీ గ్లాసు వేడి, సైలెన్సర్ వేడి తెలియదు, జాగ్రత్త.

ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది ఫిజియో మానేసేది అప్పుడే. దయచేసి మానకండి. ఒకరోజు పిడికిలి బిగిస్తే దండకండ అదురుతుంది. మోచెయ్యి వంచాలంటే ముందు పిడికిలి బిగించాలని మెదడు కొత్తగా నేర్చుకోవాలి. పక్కటెముకల నరం పెడితే ఊపిరి గట్టిగా పీల్చాలి. సాధన చెయ్యగా చెయ్యగా ఆ సాయం అక్కర్లేకుండా చెయ్యి వంగుతుంది. బలం పూర్తిగా తేలడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు.

ఆ రెండేళ్లూ ఉద్యోగం నిలబెట్టుకోవాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి పనిలో తగిలిన దెబ్బయితే తాత్కాలిక వైకల్య భృతిగా జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. డ్యూటీకి వెళ్లేదారిలో, వచ్చేదారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనికి సంబంధం ఉందని తేలితే అలాగే లెక్కిస్తారు. కాబట్టి ప్రమాద సమాచారం యాజమాన్యానికి రాతపూర్వకంగా వెంటనే ఇవ్వండి. ప్రభుత్వోద్యోగులైతే 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చదవండి. సర్వీసులో వైకల్యం వచ్చినవారిని తొలగించడానికి వీల్లేదు, అదే జీతంతో వేరే పని చూపాలి. మోటారు ప్రమాద పరిహారం దావాకి చట్టంలో రాసిన గడువు కూడా 6 నెలలే. ఆసుపత్రి హడావుడిలో ఇది మర్చిపోతారు. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది లాయరుకి గుర్తుచేయండి: వైకల్య శాతం ఒక్కటే కాదు, ఆ మనిషి చేసే పనికి ఎంత నష్టమో చూడాలి. ఎడమ చెయ్యి పోతే గుమాస్తా ఉద్యోగం నిలబడొచ్చు, వడ్రంగి జీవనమే పోవచ్చు.

తిరిగి పనిలో చేరేటప్పుడు సర్జన్ చేత ఒక కాగితం రాయించుకోండి. నిచ్చెన ఎక్కడం, బరువులెత్తడం, తిరిగే యంత్రం దగ్గర నిలబడటం కుదరదని, స్టోర్ రికార్డులు, బిల్లింగు, తనిఖీ వంటి ఒంటిచేతి పనులు కుదురుతాయని, ఫిజియోకి వారంలో ఇన్ని గంటలు కావాలని అందులో ఉండాలి. పాత పని గురించి మళ్లీ మాట్లాడే తేదీ కూడా వేయించండి, ఆపరేషన్ అయిన ఏడాదిన్నరకి.